మూసీ ఒడ్డున సంక్రాంతి సెలవులు

పిల్లలూ,

చలికాలం రాగానే అమెరికా, కెనడా దేశాలలో ఉత్తరాదివాళ్లు కొందరు ఒక తమాషా పని చేస్తారు. ఇంటికి తాళం వేసి, మరొక బుల్లి ఇంటిని చక్రాలమీద పెట్టుకొని బయలుదేరుతారు. ఆ బండిలోనే పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి అన్నీ ఉంటాయి. దక్షిణాన సముద్రతీరం చేరి, బండి ఒకచోట నిలిపి, రెండు మూడు నెలలు అక్కడే కాపురం. రోజుకు ఒకచోటు చొప్పున చుట్టుపక్కల ఉన్న దీపస్తంభాలు, పాత కోటలు, చేపల రేవులు చూసి వస్తుంటారు. చలికి తాళలేక వలసపోయే పక్షుల వంటివాళ్లన్నమాట!

ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి ఈ సంగతి ఎక్కడో చదివి నాకు ఉత్తరం రాసింది. "మాష్టారూ! మాకు చక్రాల ఇల్లు లేదు. మా హైదరాబాదుకు సముద్రమూ లేదు. చార్మినారు చూశాం, గోలకొండ చూశాం. ఇక సంక్రాంతి సెలవుల్లో మేం చూడవలసింది ఏమున్నది?" అని అడిగింది.

సముద్రం లేనిమాట నిజమే. మచిలీపట్నం పోవాలన్నా, సూర్యలంక పోవాలన్నా మూడువందల కిలోమీటర్లకు పైమాటే. కాని ఒడ్డు లేదని ఎవరన్నారు? పాతబస్తీకి ఉత్తరపు అంచు పొడుగునా మూసీ నది ఉన్నది. పురానాపుల్ నుంచి చాదర్‌ఘాట్ వరకు ఆ ఒడ్డున ఉన్నన్ని విశేషాలు చాలా సముద్రతీరాలలో ఉండవు. అయితే ఒక్కరోజులో పరుగెత్తి చూసేవి కావవి. ఆ చక్రాల ఇంటివాళ్లలాగే మీరూ తీరికగా, పూటకు ఒక్కచోటు చొప్పున మూడు నాలుగు ఉదయాలు పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకోండి. కాళ్లకు మంచి జోళ్లు, చేతిలో పుస్తకం, పెన్సిలు ఉండాలి.

చలికాలమే ఎందుకంటారా? ఎండ బాధ లేదు, అది ఒకటి. అంతకంటె ముఖ్యం, ఈ రోజుల్లో నదిలో నీరు తక్కువ. నది అడుగు, గట్లు, వంతెనల కాళ్లు అన్నీ బయటపడి కనబడతాయి. నదిని చదవటానికి ఇదే తగిన అదను. వాసన మాత్రం ఉంటుంది, ముందే చెబుతున్నాను. అది నది వాసన కాదు సుమా, ఊరి మురుగుకాలువలది. అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు మూసీ తేటనీటి వాగే. నీటిలోకి మాత్రం దిగకండి.

మొదటి ఉదయం పురానాపుల్ వద్దకు పోదాం. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో, ఈ వంతెన పూర్తి అయినది. దక్షిణపు కొసన పాతబస్తీలోకి పోయే దర్వాజా ఒకటి ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఒకప్పుడు ఊరిచుట్టూ గోడ, గోడకు పది పన్నెండుకు పైగా దర్వాజాలు ఉండేవి. వాటిలో మనకు దక్కినవి ఇదీ, దబీర్‌పురా దర్వాజా, రెండే.

ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు తవెర్నియే పదిహేడో శతాబ్దంలో ఈ వంతెన చూసి, ఇది మా పారిస్ నగరంలోని పోన్ నఫ్ అనే వంతెనకు అందంలో ఏమంత తీసిపోదని రాశాడు. ఇందులో ఒక వింత ఉన్నది. పోన్ నఫ్‌కు శంకుస్థాపన జరిగిందీ 1578లోనే! ఫ్రెంచి భాషలో ఆ మాటకు కొత్త వంతెన అని అర్థం. ఇవాళ పారిస్‌లో సీన్ నదిమీద నిలిచి ఉన్న వంతెనలన్నిటిలోకీ పాతది ఆ "కొత్త వంతెనే". మనవాళ్లు మాత్రం నిజాయితీగా పాతదాన్ని పాతదనే పిలుచుకున్నారు. తర్వాత అఫ్జల్‌గంజ్ వద్ద కట్టినదాన్ని నయాపుల్ అన్నారు. దానికీ నూట యాభై ఏళ్లు నిండాయి, ఇంకా నయా పుల్లే!

పురానాపుల్‌ను గురించి ఒక కథ మీరు వినే ఉంటారు. యువరాజు మహమ్మద్ కులీ అవతలి ఒడ్డున ఉండే భాగమతిని చూడటానికి వరదలో గుర్రాన్ని దూకించాడనీ, తండ్రి భయపడి వంతెన కట్టించాడనీ అంటారు. కథ బాగున్నది. కాని మీకు తీసివేతలు వచ్చు గదా? యువరాజు పుట్టినది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తి అయినది 1578. అంటే అప్పటికి అతని వయసు మీలో ఎనిమిదో తరగతి వాళ్ల వయసు! వంతెన కట్టటం మొదలుపెట్టేనాటికి ఇంకా చిన్నవాడు. అంచేత కథను కథగానే విందాం.

మరొక తీసివేత చేయండి. హైదరాబాదు నగరం పుట్టినది 1591లో. వంతెన నగరంకంటె 13 ఏళ్లు పెద్దది. అప్పటికి ఇటువైపున ఊరే లేకపోతే వంతెన ఎవరికోసం? గోలకొండకు సముద్రంతో పని ఉన్నది. ఆ రాజ్యపు పెద్ద రేవు మచిలీపట్నం. రేవుకు పోయే సరుకు, రేవునుంచి వచ్చే సరుకు నది దాటవలసిందే. గోలకొండ పక్కనే బిడారులు దిగే పేట ఒకటి ఉండేది. దాన్ని ఇప్పటికీ కార్వాన్ అనే అంటాము. కార్వాన్ అంటే బిడారు. ఎద్దులమీద, బండ్లమీద ఇంటి సామానంతా వేసుకొని, ఆగినచోట డేరా వేసుకొని, వంట చేసుకొని, మళ్లీ సాగిపోయే వాళ్ల గుంపు. చక్రాల ఇళ్లు మనకేమీ కొత్తవి కావు!

ఇక అసలు పనికి రండి. వంతెన పక్కనుంచి, కట్ట మీద నిలబడి, కమానులు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టండి. ఒక పుస్తకంలో 22 అని ఉంటుంది, మరొకదానిలో 23 అని ఉంటుంది. పుస్తకాలను పక్కన పెట్టి మీ వేలితో మీరు లెక్కపెట్టండి. తర్వాత, వాటిలో ఎన్నిటి కిందుగా ఇవాళ నీరు పారుతున్నదో లెక్కపెట్టండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. రెండోది చాలా చిన్నదిగా ఉంటుంది. చాలా కమానుల కింద పొడినేల, గడ్డి, చెత్త, అక్కడక్కడ మేసే గేదెలు కనిపిస్తాయి.

ఇప్పుడు ఆలోచించండి. వంతెన పొడవు సుమారు 600 అడుగులు. చలికాలంలో పారే నీటికి అంత వంతెన ఎందుకు? రాయి మోయించటం, చెక్కించటం, కమాను తిప్పించటం, అంతా డబ్బే గదా. నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ మేస్త్రీలు లెక్క తెలియని వాళ్లా?

వాళ్లు చలికాలపు నదిని చూసి కట్టలేదు. మూసీ ఒక్కొక్క ఏడు ఎంత మేరకు ఒళ్లు విరుచుకుంటుందో వాళ్లు కళ్లారా చూసి ఉంటారు. ఆ కొలతకు వంతెన కట్టారు. పొడిగా ఉన్న ఆ కమానులే మనకు సాక్షులు. నది ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా తనదేనని చెబుతున్నవి అవి.

ఆ మాట నిజమని 1908 సెప్టెంబరులో తేలిపోయింది.

ఆ సంగతి చెప్పేముందు మీచేత ఒక ప్రయోగం చేయించాలి. పెరట్లోనో, బడి ఆవరణలోనో కాస్త వాలుగా ఉన్న మట్టినేల చూసుకోండి. పైనుంచి కిందికి ఒక చిన్న కాలువ గీసి, దానికి అడ్డంగా జానెడేసి దూరంలో నాలుగు మట్టికట్టలు కట్టండి. ప్రతి కట్ట వెనుకా ఒక గ్లాసెడు నీళ్లు పోయండి. నాలుగు చెరువులు తయారైనవి. ఇప్పుడు అన్నిటికంటె పైన ఉన్న చెరువులోకి మాత్రమే నీళ్లు పోస్తూ ఉండండి. కట్టమీదుగా నీరు పొర్లగానే అది తెగుతుంది. దాని నీరు రెండోదానిమీద పడుతుంది. ఇప్పుడు రెండో కట్ట తన గ్లాసుతోపాటు పై గ్లాసునూ మోయాలి. మోయలేదు, తెగుతుంది. మూడోదానిమీద మూడు గ్లాసులు పడతాయి. చివరిది తెగినప్పుడు నీరు ఎంత వడిగా పోతుందో చూడండి. మొదటి కట్ట తెగటానికి పట్టినంత వ్యవధి పట్టదు.

మన తెలంగాణ నేలలో గొలుసుకట్టు చెరువులంటే ఇవే. పై చెరువు నిండి అలుగు పారితే, ఆ నీరు కింది చెరువుకు చేరేటట్టు పూర్వులు కట్టారు. మామూలు వానలకు ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. నగరానికి ఎగువన, మూసీకీ దాని తోడునది ఈసీకీ నీరు చేర్చే ప్రాంతంలో, ఆ రోజుల్లో దాదాపు 800 చెరువులు ఉండేవి.

1908 సెప్టెంబరు 26, 27 తేదీలలో అక్కడ కుండపోతగా వాన కురిసింది. శంషాబాదు వైపున ఒక్క రోజులోనే 12 అంగుళాలకు మించి పడింది. హైదరాబాదులో ఏడాది మొత్తం మీద కురిసేది 32 అంగుళాల ప్రాంతం. అంటే ఏడాది వానలో మూడోవంతుకు పైగా ఒక్క రోజున కురిసిందన్నమాట! ఎగువ చెరువులు తెగాయి. వాటి నీటికి కింది చెరువులు తెగాయి. మొత్తం 200కు పైగా కట్టలు తెగి, ఆ నీరంతా 28వ తేదీ, సోమవారం తెల్లవారుజామున, జనం ఇంకా నిద్రలో ఉండగా నగరం మీదికి వచ్చింది.

ఎంత నీరు? తర్వాత ఇంజనీర్లు వేసిన అంచనా సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులు. ఇంత పెద్ద అంకె బుర్రకు ఎక్కదు గనుక దాన్ని బిందెలలోకి మార్చుదాం. ఒక ఘనపుటడుగు అంటే సుమారు 28 లీటర్లు, అంటే 14 లీటర్లు పట్టే బిందెలు రెండు. అప్పుడు సెకనుకు ఎనిమిదిన్నర లక్షల బిందెలు. మీరు "ఒకటి" అనేలోపల ఎనిమిదిన్నర లక్షల బిందెలు! "రెండు" అనేలోపల మళ్లీ అన్ని!

నది ఒడ్డున ఉన్న పేటలు పేటలే పోయాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, గౌలిగూడ, కోల్సావాడి, ఎక్కడ చూసినా నీళ్లే. పదిహేను వేలమందికి తక్కువ కాకుండా చనిపోయారని అంచనా. ఊళ్లో నాలుగోవంతు జనానికి నిలువ నీడ లేకుండా పోయింది. తర్వాత రుబాయీలు రాసి పేరుపొందిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకున్నాడు. ఇంట్లో మిగిలినది తనొక్కడే. కొత్త వంతెనలు పాడై, రాకపోకలు ఆగిపోయాయి. నిలబడినది పురానాపుల్ ఒక్కటే. పొడికమానులన్నిటి కిందా ఆ రోజు నీరు పారింది మరి.

పాతబస్తీలో ముసలివాళ్లు దీన్ని "తుగ్యానీ" అనేవారు. ఉర్దూలో వరద అని అర్థం. నేను చిన్నవాణ్ణిగా ఉన్నప్పుడు ఎవరి వయసైనా అడిగితే, "తుగ్యానీకి ముందు పుట్టాను", "తుగ్యానీ తర్వాత రెండేళ్లకు పుట్టాను" అని చెప్పే పెద్దలు ఇంకా ఉండేవారు.

రెండో ఉదయం నది దాటి అవతలి ఒడ్డుకు, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణకు పోదాం. అక్కడ ఒక చింతచెట్టు ఉన్నది. తుగ్యానీ నాటికే అది పెద్ద చెట్టు. ఆ తెల్లవారుజామున ఎవరు ముందు ఎక్కారో తెలియదు గాని, నీరు పెరిగినకొద్దీ ఒకరి వెనుక ఒకరు ఎక్కి, దాని కొమ్మలు పట్టుకొని 150 మంది ప్రాణాలు నిలుపుకున్నారు. కింద వరద పోతూనే ఉన్నది. చుట్టూ రాతిగోడలు కూలుతూనే ఉన్నవి. చెట్టు కదలలేదు. చింతచెట్టుకు తల్లివేరు లోతుకు పోతుంది, పక్కవేర్లు దూరంగా పాకుతాయి, కర్ర మహాగట్టి. గానుగలకు, రోకళ్లకు చింతకర్రనే ఎందుకు వాడేవారో మీ తాతగారిని అడగండి.

బడిలో పనిచేసే రోజుల్లో నేను పిల్లలను అక్కడికి తీసుకుపోయేవాణ్ణి. చెట్టుకింద నాలుగు తరగతుల పిల్లలను నిలబెట్టి, "చూడండి, మీరంతా ఈ కొమ్మలమీద ఉన్నారు!" అనేవాణ్ణి. ఒక్కసారిగా అల్లరి ఆగిపోయేది. అందరూ తలలు ఎత్తి కొమ్మలు చూసేవారు. తనకు ఏ కొమ్మ దొరుకుతుందా అని లోపల లెక్క వేసుకునేవాళ్లే ఎక్కువ. ప్రతి ఏడూ సెప్టెంబరు 28న ఆ చెట్టుకింద కొందరు చేరి చనిపోయినవారిని తలచుకుంటారు. మీరు పోయినప్పుడు గట్టిగా మాట్లాడకండి. ఆస్పత్రి గదా, రోగులుంటారు.

వరద పోయిన మరుసటి ఏడు, 1909లో, అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఏటా సెప్టెంబరు 15న ఎవరి పుట్టినరోజును ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నామో, ఆయనే. ఆయన వచ్చి నది వెంట తిరిగి, తెగిన చెరువులను లెక్కపెట్టించి, వాన కొలతలు రాబట్టి, ఒక ఉపాయం చెప్పారు. నీరు ఊళ్లోకి వచ్చిన తర్వాత దానితో కొట్లాడి లాభం లేదు, ఊరికి ఎగువనే పట్టి నిలపాలి. మూసీమీద ఒకటి, ఈసీమీద ఒకటి రెండు పెద్ద జలాశయాలు కట్టి, వరద వచ్చినప్పుడు నీటిని అక్కడ ఆపి, తర్వాత కొంచెం కొంచెంగా వదలాలి. అవే గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లోను, రెండోది 1927లోను పూర్తి అయినవి. వరదను ఆపటానికి కట్టినవి ఊరికి మంచినీళ్లూ ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడని ఒక సామెత కూడా పుట్టింది!

ఒడ్డున మీకు కనబడే పెద్ద పెద్ద భవనాలు చాలామట్టుకు తుగ్యానీ తర్వాత లేచినవే. వరద ఊడ్చేసిన చోట ఊరిని మళ్లీ ఒక పద్ధతిలో కట్టుకున్నారు. ఎర్రరాతి హైకోర్టు భవనం, దాని పక్కన సిటీ కాలేజి, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, ఈ మూడింటికీ విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు శిల్పి పనిచేశాడు. మూడో ఉదయం వీటిని నయాపుల్ మీద నిలబడి చూడండి. పొద్దున ఎండ గుమ్మటాలమీద పడే వేళకు చేరాలి. బస్సుల రొద ఉంటుంది, తప్పదు. అఫ్జల్‌గంజ్ వైపు గ్రంథాలయ భవనం కూడా ఉన్నది, 1936 నాటిది. పుస్తకాలంటే ఇష్టం ఉన్నవాళ్లు లోపలికి పోయి రండి.

నయాపుల్‌కు తూర్పున నది మీదుగా చూస్తే మన పెద్ద బస్సు స్టేషను, చాదర్‌ఘాట్ వంతెన వైపు కనబడతాయి. ఇక్కడ మీకు ఒక పిల్లవాణ్ణి గురించి చెప్పాలి.

అతను చాదర్‌ఘాట్ దగ్గర, నది అంచున ఉన్న ఒక పేట నుంచి సాయంకాలాలు నా దగ్గరకు లెక్కలు చెప్పించుకోవటానికి వచ్చేవాడు. 2024లో, దసరా రోజుల ముందు, ఆ పేటలో చాలా ఇళ్ల గోడలమీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. ఈ ఇల్లు నది గర్భంలో ఉన్నది, తీసివేయాలి అని ఆ గుర్తుకు అర్థం. ఆ సాయంకాలం అతను లెక్కల పుస్తకం తెరవలేదు.

"మాష్టారూ! మా ఇల్లు నదిలో ఉన్నదంటున్నారు. నేను పుట్టినప్పటినుంచీ అది నేలమీదే ఉన్నది గదా?" అని అడిగాడు.

ఏం చెప్పను? మరునాడు పొద్దున అతన్ని పురానాపుల్‌కు తీసుకుపోయాను. కమానులు లెక్కపెట్టించాను. నీరున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని అడిగాను. తెలివిగలవాడు, చాలాసేపు ఒక పొడికమాను వైపే చూస్తూ, "మా ఇల్లు దీని కింద ఉన్నట్టా?" అన్నాడు. అవునన్నాను. "మరి మా తాత అక్కడ ఎందుకు కట్టాడు?" అని అడిగాడు.

పిల్లలూ, ఈ రెండో ప్రశ్న మొదటిదానికంటె కష్టమైనది. వాళ్ల తాత కూలిపనికి ఊళ్లోకి వచ్చినవాడు. పని దొరికేచోటికి దగ్గరగా, అద్దె కట్టుకోగలిగిన నేల ఆయనకు మరెక్కడా దొరకలేదు. పొడి కమాను కింద నేల చవక, ఎందుకంటే నది ఎప్పుడో ఒకనాడు వస్తుందని అందరికీ తెలుసు. ఏళ్లతరబడి రాకపోయేసరికి ఇంటికి కరెంటు వచ్చింది, కుళాయి వచ్చింది, చిరునామా వచ్చింది. పిల్లవాడు పుట్టాడు. తప్పు తాతదని నేను అనలేను. నదికి చోటు కావాలి, మనుషులకూ చోటు కావాలి. అయితే నదిని మరొకచోటికి పొమ్మనలేము. అంచేత మనుషులకే వేరేచోట చూపాలి. ఆ చోటు తండ్రి పనికీ, పిల్లవాడి బడికీ అందుబాటులో ఉండాలి. ఇది నా అభిప్రాయం. మీ ఇంట్లో పెద్దవాళ్ల అభిప్రాయం వేరుగా ఉండవచ్చు, అడిగి చూడండి.

ఆ కుటుంబం ఊరికి దూరంగా ప్రభుత్వం ఇచ్చిన ఇంటికి పోయింది. ఇల్లు బాగున్నదనీ, మేడ మీదినుంచి చాలా దూరం కనబడుతుందనీ, బడికి మాత్రం రెండు బస్సులు మారాలనీ ఆ పిల్లవాడు ఫోనులో చెప్పాడు.

జలాశయాలు కట్టాక ఇక వరద భయం లేదని మీలో ఎవరైనా అనుకుంటున్నారేమో. 2020 అక్టోబరులో పెద్ద వానలకు బాలాపూర్ వైపున గుర్రం చెరువు కట్ట తెగి, పాతబస్తీ దక్షిణాన హఫీజ్‌బాబానగర్ వీధులు మునిగాయి. మీ మట్టికట్టల ప్రయోగం గుర్తుచేసుకోండి. 2025 సెప్టెంబరు చివర రెండు జలాశయాలూ నిండి గేట్లు ఎత్తవలసి వచ్చినప్పుడు, నయాపుల్ మీదినుంచి మనం చూసిన ఆ బస్సు స్టేషనులోకి రాత్రివేళ నీరు వచ్చి, ప్రయాణికులను బయటికి చేర్చవలసి వచ్చింది. నిండిన బిందె మరొక చుక్కను పట్టదు గదా! తుగ్యానీ వంటిది మళ్లీ రాలేదు, రెండు జలాశయాలూ ఎంతో భారం మోస్తున్నవి. కాని పొడికమానులు ఎందుకున్నవో మరిచిపోయేటంత ధీమా పనికిరాదు.

నాలుగో ఉదయం కాస్త వినోదం. నయాపుల్ దాటి దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియానికి పొండి. శుక్రవారం మాత్రం పోవద్దు, సెలవు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో 1951లో దీన్ని ఆయన దేవిడీలోనే తెరిచారు. 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు. అన్నీ ఒక్కపూటలో చూడబోతే ఏదీ గుర్తుండదు. రెండు చూడండి చాలు. ఒకటి ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా. రాయితోనే ముసుగు చెక్కి, ఆ ముసుగులోనుంచి ముఖం కనబడేటట్టు ఎలా చేశాడో ఎంతసేపు చూసినా అంతుబట్టదు. రెండోది పాటల గడియారం. గంట కొట్టే వేళకు తలుపు తెరుచుకొని ఒక బుల్లి మనిషి బయటికి వచ్చి, గంట కొట్టి, మళ్లీ లోపలికి పోతాడు. పన్నెండు గంటలకైతే పన్నెండు దెబ్బలు గనుక అప్పుడు జనం ఎక్కువ. పదకొండున్నరకే పోయి ముందు వరసలో కూర్చోండి. పొడుగువాళ్లు చిన్నపిల్లలకు చోటివ్వండి.

పతంగుల ముచ్చట మరిచాను! పురానాపుల్‌కు అవతల ధూల్‌పేటలో ఈ రోజుల్లో ఏ గుమ్మంలో చూసినా పతంగులే. వెదురుపుల్ల చీల్చి, వంచి, కాగితం అతికించటం చూస్తూ ఒక అరగంట నిలబడవచ్చు. కొన్నప్పుడు నూలుదారమే కొనండి. నైలాను మాంజా నిషేధం, పైగా పక్షుల రెక్కలూ మనుషుల మెడలూ కోస్తుంది. ఎక్కడో చలికి పారిపోయి మన చెరువులకు వచ్చిన పక్షులు కూడా ఈ నెలలోనే ఆకాశంలో ఉంటాయి.

సరే, సెలవుల తర్వాత ఒక కార్డు ముక్క రాయండి. కమానులు ఎన్ని, వాటిలో నీరున్నవి ఎన్ని, మీరు లెక్కపెట్టిన తేదీ ఏది, ఈ మూడు సంగతులూ ఉండాలి. వానాకాలంలో మళ్లీ ఒకసారి, కట్టమీదినుంచే, లెక్కపెట్టి రెండో కార్డు రాయండి. రెండు కార్డులూ రాసినవారి అంకెలు ఈ పేజీలో వేస్తాను.

మీ
మాష్టారు